కుక్కర్ విజిల్ లోపు కనిపించే పిట్టలు

పక్షులంటే ఇష్టమని చెబితే చాలు, మా వైపు అందరూ అమీన్‌పూర్ చెరువుకు వెళ్ళమంటారు. మంచి చెరువే. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తించారు కూడా. చలికాలం ఆదివారాల్లో పెద్ద పెద్ద కెమెరాలతో వచ్చేవాళ్ళు ఉంటారు. నాకు అంత ఓపిక లేదు. పొద్దున పప్పు కుక్కర్లో పెట్టి, విజిల్ వచ్చేలోపు వంటింటి కిటికీలోంచి చూసేదే నా సరదా.

కిటికీకి ఎదురుగా ఖాళీ ప్లాటు. ఓనరు అమెరికాలో ఉన్నాడట, ఉండనివ్వండి. ఒక తుమ్మ చెట్టు, సీతాఫలం పొదలు, జిల్లేళ్ళు, మధ్యలో పెద్ద గుండు. హైదరాబాద్ రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళంటారు. పొద్దెక్కగానే దానిమీదికి తొండ చేరుతుంది, తర్వాత గోరువంకలొచ్చి పోట్లాడుకుంటాయి.

కేబుల్ వైరు మీద రోజూ ఉండేది పసులపోలిగాడు. నల్లగా, చీలిన తోకతో ఉంటుంది. మా ఊళ్ళో గేదెల వీపు మీద కూర్చునేది. ఇక్కడ గేదెలెక్కడివి, వైరుతోనే సర్దుకుంది. గూడు పెట్టిన రోజుల్లో దాని జోలికి వెళ్తే గద్దనైనా సరే వెంటపడి పొడుస్తుంది. ఇంత పిట్టకు ఎంత పొగరో!

దసరా దాటాక ఒక్కోసారి పాలపిట్ట వస్తుంది. కూర్చుంటే మట్టి రంగు, ఎవరూ పట్టించుకోరు. ఎగిరినప్పుడు చూడాలి ఆ నీలం! పండగ రోజు గుడి దగ్గర దాన్ని పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపిస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పైగా మన రాష్ట్ర పక్షి. రెక్క విప్పలేని పాలపిట్టలో చూడ్డానికేముంది?

ఇక తీతువు సంగతి. ఎండాకాలం రాత్రుళ్ళు ఉన్నట్టుండి అరుస్తుంది, అపార్ట్‌మెంట్ మొత్తం లేచేలా. మా అత్తమ్మకు ఆ కూతంటే టెన్షన్. "ఎవరికి మూడిందో" అని మంచం మీద లేచి కూర్చుంటుంది. కానీ పగలు కిటికీ దగ్గర నిలబడితే ఆ అరుపుకి కారణం తెలిసిపోతుంది. అది చెట్టు మీద గూడు కట్టదు. ప్లాటు మూల పాత కంకర ఉంటే, ఆ రాళ్ళ మధ్యే గుడ్లు పెట్టింది. మచ్చలు మచ్చలుగా ఉంటాయేమో, పక్కనే నిలబడినా కనిపించవు. వీధికుక్క అటు అడుగేసిందా, జంట రెండూ గాల్లోకి లేచి గోల పెడతాయి, తల మీదికి దూసుకొస్తాయి. మన చావుబతుకులతో వాటికేం పని, వాటి గుడ్ల భయం వాటిది.

ఒకరోజు అత్తమ్మను పిలిచి చూపించాను. చాలాసేపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. సాయంత్రం వాచ్‌మన్‌ను కేకేసి, "ఆ కుక్కల్ని ప్లాట్లోకి రానీయకు బాబూ, పిల్లలు చేసే టైము" అని చెబుతోంది. తీతువు కూస్తే అపశకునమన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.