కబుకిజా నాలుగో అంతస్తులో నేల టికెట్టు

టోక్యో వెళ్తే కబుకి అనే జపాన్ సంప్రదాయ నాటకం చూడకుండా రాకూడదని ఎప్పటినుంచో కోరిక, కానీ గింజాలో ఉన్న కబుకిజా థియేటర్ ధరలు చూడగానే గుండె గుభేలుమంది. నేను వెళ్లిన నెలలో కింద మొదటి తరగతి సీటు 18,000 యెన్‌లు, అంటే మన డబ్బుల్లో దాదాపు పది వేలు. మూడో అంతస్తు వెనక వరసలు 4,000. టోక్యోలోనే నిషి కసాయిలో ఉండే మా పెద్దమ్మ కొడుకు, "అంత పెట్టక్కర్లేదు రా, ఒక్క అంకానికి కూడా టికెట్ ఇస్తారు, రేపటి ఆటవి ఇవాళ పన్నెండింటికి ఆన్‌లైన్‌లో పెడతారు, ఫోన్ పట్టుకుని కూర్చో" అన్నాడు. కూర్చున్నాను, 1,400 యెన్‌లకి దొరికింది.

దీన్ని హితోమకుమి అంటారు, ఒక్క అంకం చూడటం అని అర్థం. మొత్తం ఆట చూడాలంటే విరామాలతో కలిపి నాలుగు గంటల దాకా పడుతుంది, కింద సీట్లవాళ్లు తెర పడినప్పుడల్లా డబ్బాలు విప్పి భోజనం చేస్తారు (జపాన్‌లో ప్రతి చోటా దొరికే మకునోఉచి బెంతో అనే భోజనం డబ్బాకి ఆ పేరు ఈ తెరల మధ్య తిండి వల్లే వచ్చిందంటారు). మాకు మాత్రం దారి వేరు, లిఫ్ట్ వేరు, కింది అంతస్తుల్లోకి వెళ్లనివ్వరు. మన నేల టికెట్ తెర ముందు ఉండేది, వీళ్లది కప్పు కింద.

నేను చూసింది రెన్‌జిషి, తండ్రి సింహం పిల్ల సింహాన్ని లోయలోకి తోసి పైకి ఎక్కి వస్తుందా అని ఎదురుచూసే నాట్యం. అంత ఎత్తు నుంచి ముఖాలు సరిగ్గా తెలియవు, ప్రేక్షకుల మధ్యగా వేసిన హనామిచి అనే దారిలో వేదిక దగ్గరి కొస మాత్రమే కనబడుతుంది. అయినా చివర్లో ఇద్దరూ నేల దాకా వేలాడే తెల్లటి, ఎర్రటి జూలు గిరగిరా తిప్పుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. సరిగ్గా అప్పుడే నా వెనక నుంచి ఒక పెద్దాయన నటుడి వంశం పేరు పెట్టి గట్టిగా కేక వేశాడు. పద్యనాటకంలో రాగం ముగియగానే "వన్స్ మోర్" అని అరిచే మా ఊరి పెద్దలు గుర్తొచ్చారు. కబుకిలో ఆ కేకలు ఎక్కువగా పైనున్న చౌక సీట్ల నుంచే వస్తాయట, ఆట బాగా తెలిసినవాళ్లు కూర్చునేది అక్కడే కాబట్టి.

అది మామూలు పనిరోజు. తొంగి చూస్తే కింద ఖరీదైన సీట్లలో పక్కల అక్కడక్కడా ఖాళీలు, పైన మాత్రం ఒక్క కుర్చీ కూడా ఖాళీ లేదు. కబుకిజాని నడిపేది షోచికు అనే ప్రైవేటు కంపెనీ. 2013లో కట్టిన ఈ కొత్త భవనంలో 1,800 పైగా సీట్లు, నెలలో దాదాపు 25 రోజులు, చాలా నెలల్లో రోజుకి రెండు ఆటలు. టికెట్ డబ్బుతోనే అదంతా నడవాలి కాబట్టి కింద ఆ ధర పెట్టడం నాకు అర్థమైంది, పైన ఈ చిన్న ధర ఉంచినందుకు మనస్ఫూర్తిగా దండం పెట్టుకున్నాను. నా పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి నోట్‌బుక్‌లో ఏదో గీసుకుంటూనే ఉంది, ఆ పిల్ల 18,000 ఎక్కడ తెస్తుంది?

తర్వాత ఒసాకా వెళ్లి నిప్పొన్‌బాషిలోని జాతీయ బున్‌రాకు థియేటర్‌లో బొమ్మలాట చూశాను. ఒక్కో ముఖ్యమైన బొమ్మని ముగ్గురు ఆడిస్తారు, పక్కన మామూలుగా ఒకే గాయకుడు అన్ని పాత్రల గొంతులూ పలుకుతాడు. ఇది ప్రభుత్వ థియేటర్, ఇక్కడ మంచి సీటుకి కబుకిజా ధరలో సగం కూడా లేదు, అయినా నేను వెళ్లిన రోజు చాలా వరసలు బోసిగా ఉన్నాయి. 2012లో అప్పటి మేయర్ తోరు హషిమోతో బున్‌రాకుకి నగరం ఇచ్చే సాయానికి కోత పెట్టి, తర్వాత దాన్ని ఎంతమంది చూశారన్న లెక్కకి ముడిపెట్టారు. అది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది, బొమ్మ ఎడమ చెయ్యి ఆడించడం నేర్చుకోవడానికే ఏళ్లు పట్టే విద్య ఇది. మన తోలుబొమ్మలాట వాళ్లకి లెక్కపెట్టుకోవడానికి సీట్లు కూడా లేవన్నది తలుచుకుంటే ఇంకా బాధ.

ఆట మొదలయ్యే ముందు గాయకుడు పుస్తకాన్ని రెండు చేతులా పైకెత్తి నుదుటికి ఆనించుకున్నాడు. విరామంలో కౌంటర్‌కి వెళ్లి, సాయంత్రం ఆటకి కూడా ఒక టికెట్ తీసుకున్నాను.