ఉపన్యాసం వద్దు, రాగితీగ తెండి

మన బడి సైన్సు గదిలో గోడబీరువా గుర్తుందా? పరీక్షనాళికలు అద్దంలోంచి కనిపించేవి, తాళం మాత్రం తీసేవారు కాదు. పగిలితే లెక్క చెప్పుకోవాలి మరి. ఇవాళ్టికీ చాలా ప్రభుత్వ బడుల్లో అదే వరస. అలాంటి చోటికి, అక్కడే చదువుకున్న మనం, పిల్లలకు ఇంజనీరింగు మీద ఆసక్తి పుట్టించాలని వెళ్ళి మైకు పట్టుకుని "ఇంజనీర్లు కండి" అంటే, ఎండలో బాసింపట్టు వేసుక్కూర్చున్న పిల్లలు చప్పట్లు కొట్టి లేచిపోతారు.

ఈసారి మైకు పక్కన పెట్టి, ఎనిమిదో తరగతి చేత మోటారు చేయిద్దాం. నలుగురికో జట్టు. జట్టుకి టార్చిలైటులో వేసే పెద్ద సెల్లు ఒకటి, పిన్నీసులు రెండు, సైకిలు ట్యూబు కోసిన బద్దీ, పాత రేడియో స్పీకరులోని చిన్న అయస్కాంతం, ఎనామిల్ పూత రాగితీగ ఒక మీటరు. ఈ తీగను మోటార్ల వైండింగు షాపులో తూకానికిస్తారు. 24 గేజి అడగండి, మరీ సన్నదైతే చుట్ట ఒంగిపోతుంది.

బొటనవేలికి పన్నెండు చుట్లు చుట్టి, రెండు కొసలూ ఎదురెదురుగా బయటికి లాగాలి. సెల్లు రెండు చివర్లకీ పిన్నీసులు ఆనించి బద్దీతో బిగించి, పిన్నీసు కన్నాల్లో ఈ కొసలు పెట్టాలి. అయస్కాంతం సెల్లు మీద, చుట్టకు సరిగ్గా కింద ఉండాలి.

తిరగదు. మొదటిసారి ఎవరిదీ తిరగదనే అనుకోండి. ఎనామిల్ కూడా రాగి రంగులోనే మెరుస్తుంది కనుక కరెంటును ఆపే పూత ఒకటి ఉందని పిల్లలకు తోచదు. ఒక కొసను ఉప్పుకాగితంతో చుట్టూ గీకాలి. రెండోది, చుట్టను నిలువుగా పట్టుకుని, పైసగమే గీకాలి. రెండూ పూర్తిగా గీకేస్తే చుట్ట ఊయలలా ఊగుతుందే గానీ తిరగదు, ఎందుకంటే ప్రతి అరచుట్టుకీ అయస్కాంతం చుట్టను తోసే దిశ ఎదురుతిరుగుతుంది. సగం పూత ఉంటే ఆ ఎదురు అరచుట్టులో కరెంటు ఆగి, చుట్ట తన ఊపుతోనే దాటిపోతుంది. కొసలు ఒకే గీతలో లేకపోయినా ఎగిరిపడుతుంది. అన్నీ సరిగ్గా ఉన్నా వేలితో ఒక్కసారి కదపాలి. తిరగని చుట్టను అలాగే వదిలేస్తే సెల్లు వేడెక్కి చచ్చిపోతుంది కాబట్టి నాలుగైదు సెల్లులు ఎక్కువే తెచ్చుకోండి.

అక్కడ మన చేతులు కట్టుకోవడమే కష్టం. "ఇటివ్వరా, నేను చేస్తా" అన్నారో, అయిపోయింది. అలాగే ఆడపిల్లలకు విడిగా జట్లు వేయండి. కలిపితే వాళ్ళకు తీగ పట్టుకునే పనే మిగులుతుంది.

తిరిగాక అడగండి: ఊళ్ళో బోరు మోటారు కాలితే ఎవరు బాగుచేస్తారు? ఆ మోటారు డిజైను చేసేదెవరు? అప్పుడు దారులు చెబితే చెవికెక్కుతాయి. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి డిప్లొమా, ఆపైన డిప్లొమా వాళ్ళు రాసే ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడు. లేదంటే 2008లో మొదలైన బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలు, ఇంటరూ బీటెక్కూ కలిపి ఆరేళ్ళ చదువు.

ఎనిమిదో తరగతే ఎందుకంటే, కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్పు కోసం ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాసేది అప్పుడే. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. హాస్టలుతో నడిచే గురుకులాల పిల్లలకు ఇది వర్తించదు. ఏటా రెన్యువల్ మరిస్తే డబ్బు ఆగిపోతుంది. ఇక ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బడి రికార్డులో ఇంకోలా ఉంటే నెగ్గిన పిల్లకు కూడా డబ్బు అందడం కష్టం. కూలికి వెళ్ళే తల్లి ఒక రోజు పని మానుకుంటే గానీ అది సరిచేయించుకోలేదు. మోటార్లు తిరుగుతుండగా మనలో ఒకరు హాజరుపట్టీ, ఆధార్ జిరాక్సులు పక్కపక్కన పెట్టుకుని పేర్లు అక్షరం అక్షరం సరిచూడాలి.