ఆ రాత్రి కట్టింది పార్కింగ్ డబ్బులే

అమెరికాలోని మా డెట్రాయిట్ నుంచి వంతెన దాటి కెనడాలో విండ్సర్‌లో దిగాక టొరంటో దాకా 401 హైవే గురించి కొత్తగా చెప్పేదేం లేదు. తెల్లటి పొలాలు, లారీలు, మళ్ళీ పొలాలు. పెట్రోలు ధర లీటర్లలో చూసి చవకే అనుకుంటాం, గ్యాలన్‌కి లెక్కేస్తే గుండె గుభేలుమంటుంది. 407 ఎక్కితే టోల్ వాచిపోతుందని అక్క ముందే చెప్పింది కాబట్టి ట్రాఫిక్‌లోనే దేకుతూ మిస్సిసాగా చేరాం. ఫిబ్రవరి మూడో సోమవారం అటూ ఇటూ కూడా సెలవే. గడ్డకట్టిన నయాగరా చూద్దామని బయల్దేరాం. చివరికి నయాగరా చూడనే లేదు.

శనివారం చీకటి పడే వేళ బావ డ్రైవ్‌వేలో మంచు తోస్తూ జారాడు. పడేటప్పుడు కుడి చెయ్యి ఆనించాడు. మణికట్టు దగ్గర ఫోర్కు వంగినట్టు వంగిపోయింది, చూస్తుండగానే వాచింది. పరిగెత్తుకెళ్ళి లేపుతూ నేను అడిగిన మొదటి మాట: "బావా, మీ ఇన్సూరెన్స్ ఏది? ఏ హాస్పిటల్ నెట్‌వర్క్‌లో ఉందో చూద్దాం."

అంత నొప్పిలోనూ బావ నన్ను వింతగా చూశాడు. అక్క హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ప్రభుత్వం ఇచ్చే ఆకుపచ్చ హెల్త్ కార్డు ఒకటి తీసి, "ఇది చాలురా. ముందు కారు తియ్యి" అంది.

ఆ మాట నా నోట్లోంచి ఊరికే రాలేదు. పోయినేడాది మా పాప స్కూల్లో ఊచల మీంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. నలభై నిమిషాల్లో ఎక్స్‌రే, గంటన్నరలో కట్టు. డాక్టరు పాపతో నవ్వుతూ మాట్లాడాడు, ఎవరినీ తప్పుపట్టలేను. కానీ తర్వాత నెలన్నర పాటు బిల్లులే. హాస్పిటల్‌ది ఒకటి, డాక్టరుది ఇంకొకటి, ఎక్స్‌రే చూసినాయనది మరొకటి. ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలవ్వాలంటే ముందు మనం పెట్టుకోవాల్సిన డిడక్టబుల్ మొత్తం పూర్తి కాలేదు కాబట్టి 3,800 డాలర్లు మేమే కట్టాం. అప్పటి నుంచి పాప సైకిలెక్కితే చాలు, నాకు టెన్షన్.

ఇక్కడి ఎమర్జెన్సీలో కార్డు చూసి చేతికి పేరు రాసిన పట్టీ వేశారు. ఎలా పడ్డారు, వేళ్ళు కదులుతున్నాయా అని నర్సు అడిగింది, వాపు చూసి ఐస్ ఇచ్చింది. డబ్బు గురించి ఒక్క కాగితం మీద కూడా సంతకం పెట్టించలేదు. ఆ తర్వాత కూర్చోమన్నారు. ఎనిమిదింటికి కూర్చుంటే పదకొండైనా పిలుపు లేదు. కుర్చీలు చాలక కొందరు గోడకి ఆనుకుని నిలబడ్డారు. బావ ముఖం పాలిపోయి ఉంది. నాకు మండిపోయింది. "మా దగ్గరైతే ఈపాటికి కట్టు కట్టి ఇంటికి పంపేవాళ్ళు" అన్నాను, కాస్త గట్టిగానే. "పంపేవాళ్ళు. ఆ తర్వాత?" అంది అక్క.

పక్క కుర్చీలో ఒక పెద్దాయన. ఆకుపచ్చ టోపీ, దాని మీద తెల్లటి ఎస్ అక్షరం. అది సస్కాచెవాన్ ఫుట్‌బాల్ జట్టు టోపీ అని ఆయనే చెప్పాడు. భార్యని లోపలికి తీసుకెళ్ళి రెండు గంటలైందట. ఫ్లాస్కులోంచి మూతలో టీ పోసి బావకి ఇవ్వబోయి, ఆపరేషన్ అవసరమైతే కడుపులో ఏమీ ఉండకూడదని గుర్తొచ్చి నాకిచ్చాడు.

1962 జులైలో ఆయన సస్కాచెవాన్ రాష్ట్ర రాజధాని రెజైనాలో చిన్నపిల్లాడు. అందరికీ ప్రభుత్వమే వైద్యం భరించే చట్టం ఆ రాష్ట్రంలో మొదలవగానే డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు. తమ్ముడికి జ్వరం వస్తే వాళ్ళమ్మ రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చుందట. ఆ పథకానికి బీజం వేసిన రాజకీయ నాయకుడు టామీ డగ్లస్‌కి చిన్నప్పుడు కాలి ఎముకకి జబ్బు చేసింది. డబ్బుల్లేక కాలు తీసేయాల్సిన పరిస్థితిలో, వైద్య విద్యార్థులకి చూపించుకుంటానంటూ ఒక సర్జన్ ఉచితంగా ఆపరేషన్ చేసి కాపాడాడు. "అదృష్టం కొద్దీ బాగయ్యాడు. అదృష్టం మీద ఆధారపడకూడదని తర్వాత పట్టుబట్టాడు" అన్నాడు పెద్దాయన. 2004లో ఆ దేశం టీవీలో ఓట్లేసి అందరికంటే గొప్ప కెనడియన్‌గా ఎన్నుకున్నది ఈ డగ్లస్‌నే.

ఇంతలో ఒక తల్లి మూడేళ్ళ పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చింది, ఊపిరి అందక పిల్లాడి పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. నిమిషంలో లోపలికి తీసుకెళ్ళారు. గంటలకొద్దీ కూర్చున్న హాల్లో ఒక్కరూ గొణగలేదు. నా కోపం అక్కడే సగం దిగిపోయింది.

అయితే పెద్దాయన "మేం అమెరికా వాళ్ళలా కాదు" అన్నప్పుడు నాకు చివుక్కుమంది. మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. ఎవడి జబ్బుకో నేనెందుకు పన్ను కట్టాలంటాడు. అదే మనిషి, మా బిల్డింగ్ ఊడ్చే అతని భార్యకి క్యాన్సరని ఆన్‌లైన్‌లో చందాలు అడిగితే మారుమాట లేకుండా 500 డాలర్లు వేశాడు. దయ లేక కాదు, ఆ దయ ఎవరి మీద చూపాలో తానే ఎంచుకోవాలనుకుంటాడు. ఇక్కడి వాళ్ళు ఆ ఎంపికే వదులుకున్నారు. చందా అడిగేవాళ్ళెవరూ లేని రోగి సంగతేమిటని నేను ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. అడగాల్సింది.

ఇక్కడ మాత్రం అంతా బాగుందా? అక్క రెండేళ్ళుగా ఫ్యామిలీ డాక్టరు కోసం వెతుకుతోంది. మోకాలి ఎమ్మారై కోసం ఐదు నెలలు ఆగింది. అన్ని నెలలూ మెట్లెక్కినప్పుడల్లా ఏడ్చేదట, నాకు ఆ రాత్రే చెప్పింది. పళ్ళ వైద్యానికీ మందులకీ బావ ఆఫీసు ఇన్సూరెన్సే దిక్కు.

మూడున్నరకి ఎముక సరిచేసి, కట్టు కట్టి పంపారు. అలవాటుకొద్దీ కౌంటర్ దగ్గరికెళ్ళి ఎంత కట్టాలని అడిగాను. ఆమెకి నా ప్రశ్నే అర్థం కాలేదు. చప్పున నాన్న గుర్తొచ్చాడు. 2009లో గుంటూరులో నాన్న గుండెకి ఆపరేషన్ అయ్యాక, అరెకరం అమ్మడానికి సిద్ధపడి అమ్మ ఇలాగే కౌంటర్ దగ్గర నిలబడింది. "ఆరోగ్యశ్రీలో అయిపోయిందమ్మా, వెళ్ళండి" అన్నాడు ఆరోగ్యమిత్ర. అమ్మ నమ్మక మూడుసార్లు అడిగింది.

బయట పార్కింగ్ మెషీన్ 25 డాలర్లు లాక్కుంది. అక్క దాన్ని తిట్టిన తిట్లు ఇంటికొచ్చేదాకా ఆగలేదు.

సోమవారం రాత్రి ఇల్లు చేరి పోస్ట్‌బాక్స్ తెరిస్తే మా పాప పేరు మీద ఇన్సూరెన్స్ కవరు. మొన్నటి జ్వరానిది. పైన పెద్దక్షరాల్లో "ఇది బిల్లు కాదు" అని ఉంది. బిల్లు వెనకాలే వస్తుంది. దాన్ని సొరుగులో పడేసి అక్కకి ఫోన్ చేశాను. బావ నిద్రపోతున్నాడట, గురువారం పొద్దున మళ్ళీ చూపించుకోవాలట.

"కారు బయట వీధిలో పెట్టుకోండి, నాలుగడుగులు నడిచినా పర్లేదు" అన్నాను.