అపార్ట్‌మెంట్ లెక్కలు, 1981 నాటి మెయిన్‌ఫ్రేమ్, మూడు భాషలు

మొదటి ఆదివారం

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్‌కి 18 ఫ్లాట్లు. మెయింటెనెన్స్ లెక్కల పుస్తకం ఈ ఏడాది నా చేతికొచ్చింది. ఎక్సెల్ సరిపోతుందని నాకూ తెలుసు. కానీ పద్నాలుగేళ్లు మెయిన్‌ఫ్రేమ్‌ల మీద, అంటే పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్ల మీద, బ్యాచ్ జాబులతో (ఒకేసారి గుత్తగా నడిపే పనులతో) కుస్తీ పట్టాక, ఇంట్లో సొంత మెయిన్‌ఫ్రేమ్ ఉండాలన్న సరదా ఒకటి మిగిలిపోయింది. పాత ల్యాప్‌టాప్ మీద హెర్క్యులిస్ వేశాను. 1999లో పుట్టిన ఈ ఉచిత ఎమ్యులేటర్ (మామూలు కంప్యూటర్‌ని మెయిన్‌ఫ్రేమ్‌లా నటింపజేసే ప్రోగ్రామ్) మీద 1981 నాటి ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎంవీఎస్ 3.8జె చక్కగా నడుస్తుంది. టీకే4- అనే ప్యాకేజీ దించుకుంటే రాసిన ప్రోగ్రామ్‌ని మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్లతో సహా అన్నీ అందులోనే వస్తాయి. దాంతో మాట్లాడే తెరకి, అంటే టెర్మినల్‌గా, ఎక్స్3270 పెట్టాను. మొత్తం గంటన్నర పట్టింది. అందులో అరగంట ఛార్జర్ వెతకడానికే పోయింది.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ మేనల్లుడితో వాదన. వాడు మధురవాడ వైపు ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. "ఇంకా కోబాల్ ఏటి మావయ్యా? పైథాన్‌లో ఇరవై లైన్లు."

లెక్కలు నేను రాద్దామనుకున్నది కోబాల్‌లో, మెయిన్‌ఫ్రేమ్‌ల పాత వ్యాపార భాష అది. అయినా వాడి మాట కొట్టిపారేసేది కాదు. ఇప్పటి ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్‌లో యూనిక్స్ భాగం ఉంది, దాని మీద పైథాన్‌ని ఐబీఎమ్మే ఇస్తోంది. ఐబీఎం వాళ్ల నేర్చుకునే వేదిక జెడ్ ఎక్స్‌ప్లోర్‌లో ఉచితంగా చేరి వాడు అసలైన మెషిన్ మీదే దాన్ని నడిపి చూశాడు కూడా. నా బండి సంగతి వేరు. 24 బిట్ల అడ్రసులు, 16 మెగాబైట్ల మెమరీ, యూనిక్స్ ఊసే లేదు. పైథాన్ దీంట్లో దిగదు. ఇక్కడ కొత్త భాష అంటే రెక్స్ అనే స్క్రిప్టు భాష, అదీ 1979లో మొదలైనది! కోబాల్ 1959 నాటిది కాబట్టి దాని ముందు ఇది కుర్రదే.

రెండో వారం

తెలిసిన భాషేగా అని కోబాల్‌తో మొదలుపెట్టాను. మొదటి కంపైల్‌కే ఎర్రర్ల వాన. అలవాటుగా ఎండ్-ఇఫ్ (ఇఫ్ షరతుకి ముగింపు), ఎవాల్యుయేట్ (చాలా షరతుల్లోంచి ఎంచుకునేది) రాసేశాను. అవి 1985 ప్రమాణంతో వచ్చినవి, ఈ కంపైలర్ అంతకంటే పాతది. ఇఫ్ ఎక్కడ ముగియాలో చెప్పేది ఒక్క చుక్కే. ఒకచోట ఆ చుక్క మర్చిపోతే, మొత్తం కలిపే లైను కాస్తా ఇఫ్ లోపలికి జారిపోయింది. బకాయి ఉన్నవాళ్లవే కూడుతూ కూర్చుంది. నాలుగు సాయంత్రాలు పట్టింది. తెలిసిన భాష అనుకున్నది నాకు సగమే తెలుసన్నమాట.

మూడో వారం

కోపంతో రెక్స్ వైపు వెళ్లాను. ఎంవీఎస్ 3.8జె కోసం అభిమానులు తయారుచేసిన బ్రెక్స్/370 ఉంది. కంపైల్ గొడవ లేదు, రాసిన వెంటనే ఫలితం కనబడుతుంది. పార్స్ అనే ఆదేశానికి కాలమ్ నంబర్లు ఇస్తే కార్డుని (80 అక్షరాల లైనుని) ముక్కలు చేసి చేతిలో పెడుతుంది. ఫైల్లో ఏముందో తొంగిచూడటానికి ఇంతకన్నా హాయి లేదు.

లెడ్జర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇబ్బంది పడ్డాను. డబ్బులు కాంప్-3 అనే కుదించిన అంకెల రూపంలో దాస్తున్నాను. బైటుకి రెండు అంకెలు, చివరి సగం బైటులో ప్లస్ లేదా మైనస్ గుర్తు, కాబట్టి ఏడంకెల మొత్తం 4 బైట్లలో ఇమిడిపోతుంది. కోబాల్‌లో దానికి ఒక్క పిక్చర్ క్లాజ్ (గడిలో ఎన్ని అంకెలో, ఎలాంటివో చెప్పే మాట) చాలు. రెక్స్‌లో బైట్లను హెక్స్‌గా (పదహారు అంకెల పద్ధతిలోకి) మార్చుకుని, గుర్తు విడదీసి, పైసల చుక్క నేనే పెట్టుకోవాలి. రాశాను, పనిచేసింది, తర్వాత చెరిపేశాను. డబ్బు లెక్క కోబాల్‌కే అప్పగించాను.

నాలుగో వారం

మరి పైథాన్? బయట కాపలాకి పెట్టాను. ఎక్సెల్ నుంచి తీసిన సీఎస్‌వీని (కామాలతో విడదీసిన ఫైలుని) 80 కాలమ్‌ల కార్డులుగా మార్చి, చుట్టూ జేసీఎల్ (జాబుని ఎలా నడపాలో చెప్పే లైన్లు) చేర్చి, 3505 పోర్టుకి పంపుతుంది. టీకే4- ఆ పోర్టునే కార్డ్ రీడర్‌గా చూస్తుంది. ఈ ముక్క మేనల్లుడు రాశాడు, నిజంగానే ఇరవై లైన్లు.

మొదటి రన్ ఎస్0సీ7తో (అంకెల చోట అంకెలు కానివి ఉన్నాయనే ఎర్రర్‌తో) పడిపోయింది. ఒక ఫ్లాట్‌కి డబ్బు రాయాల్సిన గడి ఖాళీగా వదిలేశారు, ఖాళీలను అంకెలుగా కూడమంటే మెషిన్ ఒప్పుకోలేదు. ఆ ఎర్రర్ చూసి చిరకాల మిత్రుడు ఎదురైనట్టనిపించింది. సున్నాలు పెట్టాను, అయిపోయింది.

అసలు టెన్షన్ మర్నాడు. అందరూ కట్టిన నెలది పరీక్షగా వేశాను. 18 ఫ్లాట్లు, తలా 2,500, మొత్తం 45,000 రావాలి. రిపోర్టులో 42,525. ఏ ఎర్రరూ లేదు, జాబు శుభ్రంగా ముగిసింది. చూస్తే ఒక ఫ్లాట్‌కి 25 రూపాయలే పడ్డాయి. రిమార్కులో ఎవరో రూపాయి గుర్తు కొట్టారు. పైథాన్ దాన్ని ఒక్క అక్షరంగా లెక్కపెట్టి ఖాళీలు నింపింది, యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడ్‌లో వెళ్లేటప్పుడు అది మూడు బైట్లయింది. దాని వెనకున్నదంతా రెండు కాలమ్‌లు కుడికి జరిగింది. డబ్బు గడిలో రెండు ఖాళీలు, వాటి పక్కన 02500 మిగిలాయి. ఏడు అంకెల గడిలో చివరి రెండూ పైసలు కదా, 25.00 అయి కూర్చుంది. ముందున్న ఖాళీలు సున్నాలుగా చెల్లిపోయాయి, అందుకే ఎస్0సీ7 కూడా రాలేదు.

మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడే దారి చూపించాడు: పంపేముందు ప్రతి కార్డునీ సీపీ037లోకి మార్చి చూడటం. అది మెయిన్‌ఫ్రేమ్ వాడే ఎబ్సిడిక్ కోడ్. అందులో లేని అక్షరం వస్తే పైథాన్ అక్కడికక్కడే ఆగిపోతుంది. పొడవు సరిగ్గా 80 కాకపోయినా ఆపేస్తుంది. రెండు లైన్లే. తెలుగులో పేర్లు రాయాలన్న నా ఆశ కూడా దాంతోనే పోయింది, అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలే.

ఎబ్సిడిక్ వల్ల ఒక లాభమూ జరిగింది. దాంట్లో అక్షరాలు ముందు, అంకెలు తర్వాత. సార్ట్ చేస్తే గ్రౌండ్ ఫ్లోర్ జీ1, జీ2 ఏ తంటా లేకుండా 101 కంటే పైకి వచ్చాయి. ఎక్సెల్‌లో అవి అడుగున పడేవి.

ప్రస్తుతం

నెల లిస్టు పైథాన్ పంపుతుంది, కోబాల్ కూడుతుంది, అనుమానమొస్తే రెక్స్‌తో చూస్తాను. వెనక్కివ్వాల్సిన అడ్వాన్సులు ఇంకా మిగిలాయి. కార్డులో మైనస్ మొత్తానికి చివరి అంకె అక్షరమైపోతుంది, 5 అయితే ఎన్. సెక్రటరీ గారు పాత ప్రింటవుట్‌లో ఆ ఎన్ చూసి ఫ్లాట్ నంబరా అని అడిగారు. వచ్చే ఆదివారం ఎడిటింగ్ పిక్చర్ (అచ్చులో ఎలా కనబడాలో చెప్పేది) వేసి దాన్ని మైనస్ గుర్తుగా మార్చాలి.