పాత బంగళాను నిలబెడతానన్న బిల్డరు సైట్లో ఏం చూడాలి

బ్రోచరు మీద 'హెరిటేజ్' అని అచ్చేయించుకోవడానికి పెద్దగా ఖర్చు కాదు. పాత బంగళాను కూల్చకుండా క్లబ్‌హౌస్ చేస్తానంటున్న బిల్డరు మాటలో నిజమెంతో సైట్లో సున్నం మాగబెట్టే గుంట ఉందో లేదో చూస్తే సగం తెలిసిపోతుంది.

హైదరాబాదులో వందేళ్లు దాటిన కట్టడాలు చాలావరకు డంగు సున్నంతో, అంటే ఇసుక కలిపి గానుగలో రుబ్బిన సున్నంతో కట్టినవే. ఆ గోడలు నేలలోని చెమ్మను పీల్చుకుని, సున్నపు పూత గుండా బయటికి వదిలేస్తాయి. పైన సిమెంటు మెత్తితే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ గోడలోనే పైకి ఎగబాకుతుంది. పూత వెనక ఉప్పు పేరుకుని, కొన్ని వానాకాలాలకే ఉబ్బి పెచ్చులూడుతుంది. గోడలో దిగిన టేకు దూలాల కొనలు పుచ్చేదీ అక్కడే. కుత్బ్‌షాహీ సమాధుల పునరుద్ధరణలో ఆగాఖాన్ ట్రస్టు చేసింది కూడా ఇదే: గత శతాబ్దంలో పూసిన సిమెంటును ఒలిపించి మళ్లీ సున్నమే వేయించింది.

పూత కంటే ముందు నీటి సంగతి చూడాలి. రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ ఇంటి చుట్టూ నేల పెరిగిపోయి ఉంటుంది. లోపలి గచ్చు కంటే కనీసం 15 సెంటీమీటర్లు కిందికి దాన్ని తవ్వించాలి, మిద్దె నీళ్ల గొట్టాలు బాగుచేయించాలి. ఇవి కాకుండా పూత మొదలుపెడితే డబ్బు దండగ. సిమెంటు ఒలిచేటప్పుడు బ్రేకర్ పెట్టనివ్వకండి. చిన్న ఉలి, సుత్తి చాలు. మిషను అదురుకు ఇటుకే పగులుతుంది.

రాతి సున్నాన్ని నీళ్లలో వేసి ఉడకనిచ్చి, పైన నీళ్లు నిలిచేలా కనీసం మూడు వారాలు మాగనివ్వాలి. సరిగా ఉడకని పలుకు ఉంటే గోడ మీద పూశాక ఉబ్బి చిట్లుతుంది. సున్నం ఒక పాలు, సుర్కీ (ఇటుక పొడి) ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు ఒక మామూలు లెక్క. పాత పూత ముక్కను పరీక్షకు పంపి సరిచూసుకోవాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలుపుతారు. ముందు రోజే గోడ తడపాలి, ఒక్కో పూత 10-12 మిల్లీమీటర్లు మించకూడదు, తడి గోనెపట్టాలు కప్పాలి. ఎండాకాలంలో వేస్తే పైపైన ఆరిపోయి బీటలిస్తుంది. గడువు దాటిపోతోందని మేస్త్రీ బస్తాలోంచి గుప్పెడు సిమెంటు కలిపేది సరిగ్గా ఇక్కడే.

మిద్దె కారుతోందని పైన 4 అంగుళాల కాంక్రీటు పోయిస్తారు. చదరపు మీటరుకు సుమారు 240 కిలోల బరువు! పాత దూలాలు దానికి లెక్కవేసినవి కావు. పాడైన సున్నపు జల్లి (సున్నంలో కలిపిన ఇటుక ముక్కలు) పొర తీసి మళ్లీ అదే వేయడం మేలు.

పర్యావరణం అంటే సోలార్ పలకలే కానక్కర్లేదు. సున్నంతో కట్టిన గోడ విప్పితే ఇటుక విరక్కుండా వస్తుంది, మళ్లీ వాడుకోవచ్చు. పెరట్లో పాత బావి ఉంటే పూడ్చనివ్వకండి. 200 చదరపు మీటర్ల కప్పు మీద ఒక సెంటీమీటరు వాన పడితే 2,000 లీటర్లు. తొలి వాన నీళ్లు బయటికి వదిలి, మిగతావి ఇసుక, కంకర వడపోత మీదుగా బావిలోకి మళ్లించవచ్చు. చెత్తకుప్పగా మారిన బన్సీలాల్‌పేట మెట్లబావినే శుభ్రం చేసి 2022లో తెరిచారు, ఇంటి బావి ఎంత?

కాంట్రాక్టరుకు చదరపు అడుగు లెక్కన కాకుండా పూతకింత అని బిల్లు కట్టండి. ఒక్కో పూత తనిఖీ అయ్యాకే తర్వాతి పూతకు డబ్బు.