పరాయి పాలు

ఇంగ్లండులో నెలలు నిండని పసిబిడ్డల ఐసీయూలో నర్సుగా పనిచేస్తూ సెలవుపై తిరుపతికి వచ్చిన నేను, తల్లులు దానంగా ఇచ్చిన చనుబాలను దాచి పాలు చాలని పసిబిడ్డలకిచ్చే పాల బ్యాంకు మాట ఎత్తగానే మా మేనత్త అందరి ముందే కసురుకుంది. "ఎవురి పాలో తెచ్చి బిడ్డ నోట్లో పోసేది ఏం వైద్యమే?" అంది. ఆమె మనవరాలు ఏడో నెలలోనే పుట్టి ఆసుపత్రిలో ఉంది, తల్లికి పాలింకా చాలినంత పడలేదు. అత్త కోపం భయంలోంచి వచ్చిందేనని తెలిసినా ఆ మాట నన్ను వదలడం లేదు.

కిలోన్నర లోపు బరువుతో పుట్టిన బిడ్డకు పేగు లోపలి పొర ఇంకా గట్టిపడి ఉండదు. క్రిములు ఆ పేగు గోడలోకి చొరబడి వాపు పుట్టిస్తే కొంత భాగం చచ్చిపోయే ప్రమాదం ఉంది. దీనినే నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్ అంటారు. తరచుగా ఇది బిడ్డ గట్టెక్కిందని అందరూ ఊపిరి పీల్చుకున్నాక, రెండో మూడో వారంలో కనిపిస్తుంది. పొట్ట ఉబ్బి చర్మం నిగనిగలాడుతుంది, ముక్కు గొట్టంలోంచి పచ్చటి పసరు వస్తుంది, మలంలో రక్తపు జీర కనబడుతుంది. వెంటనే పాలు ఆపి, పొట్ట ఖాళీ చేసి, యాంటీబయాటిక్స్‌నూ పోషకాలనూ రక్తనాళం ద్వారా ఎక్కిస్తారు. పేగుకు చిల్లు పడితే ఆపరేషన్ తప్పదు. పోతపాలు మాత్రమే తాగిన ఇలాంటి బిడ్డల్లో ఈ జబ్బు, తల్లిపాలు మాత్రమే తాగినవారికంటే 6 నుంచి 10 రెట్లు ఎక్కువని 1990లో బ్రిటన్ పరిశోధన ఒకటి తేల్చింది.

పాలు పడని బాలింత బిడ్డకు పక్కింటి తల్లి చన్నిచ్చిన ఊళ్లే మన చిత్తూరు జిల్లావి. దాతకు రక్తపరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి ఇస్తామంటే ఇప్పుడెందుకింత జంకు? ఇది దొరల వింత కూడా కాదు, ఆసియాలో మొదటి పాల బ్యాంకు 1989లో ముంబైలోని సయన్ ఆసుపత్రిలోనే వెలిసింది. నేను పనిచేసే చోట బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఒకామె, ఫ్రిజ్‌లో దాచుకున్న పాలన్నీ ఇంకొకరి బిడ్డకు పట్టమని మా చేతిలో పెట్టింది.

అయినా ఇంగ్లండులోని బాలింతను చూస్తే జాలేస్తుంది. అర్ధరాత్రి చనుబాలు పిండే పంపు ముందు ఒక్కతే కూర్చుంటుంది, పథ్యం వండిపెట్టే మనిషి ఉండదు. మా కోడలికి అత్త ఉంది, పిన్నమ్మలున్నారు. అందుకే అత్తతో వాదించడం మాని, రెండు మూడు గంటలకొకసారి పాలు పిండించమనీ, ముర్రుపాలు ఒక్క చుక్క కూడా పారబోయవద్దనీ, డాక్టరు సరేనన్నాక బిడ్డను తల్లి ఎదపై చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టమనీ చెప్పాను. తల్లి అలసినప్పుడు ఆ పని నానమ్మ కూడా చేయవచ్చు.