అనంతపురం గాలిలో పొడిబారే కళ్ళు

మా అనంతపురంలో కళ్ళకు ఏడాదిలో రెండు గడ్డుకాలాలు వస్తాయి. ఆషాఢం గాలులు దుమ్ము లేపే రోజులు మొదటివి. వానల తరువాత బీళ్ళలో వయ్యారిభామ విరగబూసి, చేలల్లో శెనక్కాయ కట్టె పీకి కాయలు నూర్చే అక్టోబరు, నవంబరు నెలలు రెండవవి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ మెట్టప్రాంతంలో గాలిలో తేమ తక్కువ కాబట్టి, పుప్పొడితో దురద పుట్టిన కన్ను ఆ గాలికే ఆరిపోతుంది. మా అమ్మకు అలర్జీ, కంటి పొడిబారడం అనే ఈ రెండు బాధలూ ఉన్నాయి. వాటిని వేరువేరుగా గుర్తించకుండా మందు వాడితే ఒకటి తగ్గి మరొకటి పెరుగుతుందన్నది ఆమెను చూసుకుంటూ నాకు బాగా తెలిసిన విషయం.

అలర్జీకి ప్రధాన లక్షణం దురద. దానితోపాటు తుమ్ములు, రెప్పల వాపు, ధారగా నీరు ఉంటాయి. పొడిబారిన కంటిలో మంట, ఇసుక పడినట్లు గరగర ఎక్కువ. సాయంత్రానికి అది పెరుగుతుంది, చూపు మసకబారి రెప్ప ఆర్పితే తేటపడుతుంది. కళ్ళ వెంట నీరు కారుతోంది కనుక పొడి లేదనుకోవడానికి వీలులేదు. కంటిని కప్పి ఉండే పలుచని పొరలో శ్లేష్మం, నీరు, పైన నూనె ఉంటాయి. రెప్పల అంచుల్లోని గ్రంథులు ఇచ్చే ఆ నూనె తగ్గితే నీరు త్వరగా ఆవిరై, కన్ను మండి, ఆ మంటకు మళ్ళీ నీరు ఉబుకుతుంది. ఆ నీరు కంటిని తడుపుతూ నిలవదు.

చాలామందికి తెలియని చిక్కు మాత్రలతో వస్తుంది. తుమ్ములకు వేసుకునే సెట్రిజిన్, అంతకంటే ఎక్కువగా పాతకాలపు క్లోర్‌ఫెనిరమైన్, ముక్కుతోపాటు కంటి తడిని కూడా తగ్గించగలవు. మాత్రను సొంతంగా మానేయమని నేను చెప్పను. కాని బాధ ప్రధానంగా కళ్ళలోనే ఉంటే, ఒలోపటడిన్ వంటి చుక్కల మందు సరిపోతుందేమో డాక్టరును అడగడం మంచిది.

పొడికి కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ వంటి కృత్రిమ కన్నీటి చుక్కలు వాడతారు. ఇవి కంటిని తడపడంతోపాటు లోపల చేరిన పుప్పొడిని కొంత కడిగివేస్తాయి కనుక అలర్జీ రోజుల్లో రెండు విధాల మేలు. రోజుకు నాలుగుసార్లకు మించి అవసరమైతే నిల్వ రసాయనం లేని రకం తీసుకోవాలి. చాలా సీసాల్లో ఉండే బెంజాల్కోనియం క్లోరైడ్ అనే నిల్వ రసాయనం మాటిమాటికీ తగిలితే కంటి పైపొరను ఇబ్బంది పెడుతుంది. ఒకసారికి ఒక్క చుక్క చాలు. రెండు మందులు వేయవలసి వస్తే మధ్య కనీసం ఐదు నిమిషాలు ఆగాలి.

దురద ఉన్నప్పుడు చల్లని నీటిలో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డను మూసిన రెప్పలపై ఉంచితే ఉపశమనం కలుగుతుంది. గోరువెచ్చని కాపడం నూనె గ్రంథులకు మంచిదే అయినా, దురద తగ్గిన రోజుల కోసం దాన్ని ఉంచుకోవాలి. కళ్ళు నలపకూడదు: నలిపితే అలర్జీ కణాల నుంచి హిస్టమిన్ ఇంకా విడుదలై దురద పెరుగుతుంది. ఏళ్ళ తరబడి గట్టిగా నలిపే పిల్లల్లో నల్లగుడ్డుపై ఉండే పారదర్శక పొర పలచబడి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ ముప్పు పెరుగుతుంది కాబట్టి తల్లిదండ్రులు దీన్ని చిన్న అలవాటుగా తీసుకోవద్దని వేడుకుంటున్నాను.

బండి మీద వెళ్ళేటప్పుడు హెల్మెట్ అద్దం దించుకోవడం, కాయలు నూర్చే చోట కళ్ళద్దాలు పెట్టుకోవడం, కూలరు గాలి ముఖానికి నేరుగా తగలకుండా చూసుకోవడం మా ఇంట్లో బాగా ఉపకరించాయి. ఫోను చూస్తున్నప్పుడు రెప్పపాటు తగ్గుతుంది కనుక మధ్యమధ్యలో పూర్తిగా రెప్పలు మూసి తెరవాలి.

నాకు నిజంగా భయం కలిగించేది మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు. ఎరుపు ఒక్క రోజులో పోతుంది; అందుకే మళ్ళీ మళ్ళీ కొంటారు. పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరిగి కంటి నరం దెబ్బతినే గ్లకోమా, అలాగే శుక్లాలు రావచ్చు, గ్లకోమాతో పోయిన చూపు తిరిగి రాదు.

నొప్పి, వెలుగు చూడలేకపోవడం, చూపు తగ్గడం, చీము వంటి ఊసి ఉంటే ఆ రోజే కంటి డాక్టరు వద్దకు వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు వాడుతున్న మాత్రలన్నీ, నిద్ర మాత్రలతో సహా, సంచిలో వేసుకుని వెళ్ళండి. రెప్ప అంచున సన్నని కాగితపు పట్టీ ఉంచి ఐదు నిమిషాలలో ఎంత తడిసిందో కొలిచే షిర్మర్ పరీక్ష తమకు అవసరమా అని అక్కడే అడగవచ్చు.